మూడో అంకాలమ్మ

గుణదల,
18 ఫిబ్రవరి 1974

వదినా,

నా మీద కోపం ఉంటే అమ్మ నాతో అనాలి గాని, స్త్రీల సమాజంలో పదిమంది ముందు "మా మార్త కంపెనీ మనిషయిపోయింది, ఇక మన మనిషి కాదు" అనడమేమిటి? ఈ మాట నాకెవరు మోసుకొచ్చారని అడగకు. మేరీమాత తిరునాళ్ళకి మీ పామర్రు నుంచి వచ్చినవాళ్ళలో సగంమంది మా ఇంటివాళ్ళ అరుగు మీదే పులిహోర మూటలు విప్పారు. పులిహోరతోపాటు ఇదీ పెట్టిపోయారు.

ఇంతకీ నేను చేసిన నేరమేమిటి? మద్రాసులో రెండేళ్ళు సోషల్ వర్క్ చదివి, చదివిన చదువుకి తగిన ఉద్యోగం వస్తే చేరాను. అన్నయ్య దృష్టిలో మగవాళ్ళ మధ్య కూర్చుని పరువు తీస్తున్నాను. పెద్దమ్మ దృష్టిలో టైపు కొట్టుకునే పిల్లని. మీ పక్కింటాయన దృష్టిలో ఆయన ముగ్గురు కొడుకులకీ ఉద్యోగాలు వేయించగలిగి కూడా వేయించని గర్విష్ఠిని. అమ్మ దృష్టిలో ఏకంగా ద్రోహిని. "అమ్మాయ్, నువ్వక్కడ చేసే పనేమిటి?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అడక్కపోయినా చెబుతాను. ఐదు వందలమంది దాటిన ఫ్యాక్టరీలో పనివాళ్ళ మంచిచెడ్డలు చూసే ఆఫీసరు ఒకరు ఉండాలని చట్టం. మా పొగాకు కంపెనీలో తొమ్మిది వందలమంది ఉన్నారు, ముప్పాతిక మంది ఆడవాళ్ళే. ఇన్నాళ్ళూ ఆ పనిలో రిటైరైన పోలీసాయన ఒకరుండేవారట. ఆయన చూసిన మంచిచెడ్డలల్లా గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడడం. ఈసారి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు గట్టిగా అడిగేసరికి ఆడమనిషిని వేద్దామనుకున్నారు. నా గుమ్మం మీద 'పర్సనెల్ ఆఫీసర్' అని బోర్డుంది. సెలవులు, కోతలు, తగాదాలు, పసిపిల్లల గది, ఎవర్ని తీసుకోవాలి, ఎవర్ని తీసెయ్యాలి, అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. రోజూ బస్సులో బ్యారేజీ దాటి మంగళగిరి రోడ్డులో దిగేసరికి పొగాకు ఘాటు ఎదురొచ్చి తుమ్మిస్తుంది. తుమ్ము ఆగాక ఆఫీసరునవుతాను.

అమ్మ బాధ నాకు తెలుసు. ఇదే కంపెనీలో ఆకు ఏరి, గ్రేడు కట్టి మమ్మల్ని చదివించింది. నేనక్కడ కూర్చుంటే ఆ సంగతి నలుగురికీ గుర్తొస్తుందని సిగ్గు. నాకు లేదు ఆ సిగ్గు. ఈ మాట అమ్మకి చదివి వినిపించు. "సిగ్గు" అన్న దగ్గర గొంతు తగ్గించకు.

మార్త


పామర్రు,
2 మార్చి 1974

మార్తా,

వందనాలు. అవి ముందు చెప్పకపోతే మీ అన్నయ్య ఉత్తరం పోస్టు చెయ్యడు.

"సిగ్గు" దగ్గర నేను గొంతు తగ్గించలేదు, మీ అన్నయ్య పెంచాడు. నా చేతిలోంచి లాక్కుని బళ్ళో పాఠం చదివినట్టు చదివాడు. అత్తయ్య అంతా విని, "దానికి తెలిసింది అంతే" అని లేచి గేదెకి కుడితి పెట్టడానికి వెళ్ళింది.

సిగ్గు కాదు పిల్లా. ఆ మాట వరకూ చెప్పగలను. అంతకంటే నన్ను అడక్కు. నేను కోడల్ని. ఈ ఇంట్లో నా నోటినుంచి రాకూడనివి కొన్ని ఉన్నాయి, అవి వాళ్ళంతట వాళ్ళు చెప్పాలి.

నీ ఉద్యోగం నాకు అర్థమైంది. మా బళ్ళో హెడ్‌మాస్టరుకీ ఆయాకీ మధ్య నేను రోజూ చేసేది అదే, బోర్డొక్కటే లేదు. మీ అన్నయ్యకి మాత్రం ఇంకా ఎక్కలేదు. వాళ్ళ హైస్కూల్లో జూన్ నుంచి టీచరు ఖాళీ వస్తుందట, నీకోసం మాట్లాడతానని పాట మొదలుపెట్టాడు. నేను ఉప్మాలో ఉప్పు తక్కువైందా అని అడిగి మాట మార్చాను.

ఒక్కటి చెబుతాను, విను. అక్కడ నువ్వు ఎవరి కూతురివో చెప్పుకు తిరక్కు. ఎందుకని అడక్కు. పెద్దదాన్ని, చెప్పాను.

నీ వదిన
జీవరత్నం


గుణదల,
24 మార్చి 1974

వదినా,

నువ్వు వద్దన్న పనే ముందు చేశాను. అది తర్వాత రాస్తాను.

మా గేటు దగ్గర తంతు నువ్వు చూడాలి. సీజను మొదలైన రోజున మేస్త్రీ రత్తయ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళు వరసగా వచ్చి కొంగుముడి విప్పి ఇత్తడి బిళ్ళ చూపించారు. బిళ్ళ మీద అంకె ఉంటుంది. రత్తయ్య అంకె చదివితే, గుమాస్తా ఆ అంకెకి రాసి ఉన్న పేరు పిలుస్తాడు, ఆ మనిషి లోపలికి పోతుంది. కొత్త బిళ్ళలివ్వడం కంపెనీ ఎప్పుడో మానేసింది. ఉన్న బిళ్ళలకే ఏటా పని. అంతమంది లోపలికి పోతుంటే రత్తయ్య గాని గుమాస్తా గాని ఒక్కసారైనా తలెత్తి మొహం చూడలేదు. బిళ్ళలు నడిచి వెళ్ళిపోతున్నట్టుంది.

నాకు ఒళ్ళు మండింది. ప్రతి మనిషికీ పేరూ ఫొటో ఉన్న కార్డు ఇవ్వాలని మేనేజరు వెంకటసుబ్బారావు గారికి రాసిచ్చాను. బిళ్ళ పోగొట్టుకుంటే పని పోదు, ప్రావిడెంట్ ఫండు వేరేవాళ్ళ చేతిలో పడదు. ఆయన చదివి, నావైపు చూసి, "చదువుకున్నవారు, చెయ్యండి" అన్నారు. ఆ చూపులో మెచ్చుకోలు ఉందనుకున్నాను.

మంగళగిరి నుంచి స్టూడియో ఆయన వచ్చి నీలం తెర కట్టాడు. ఒక్కరు రాలేదు వదినా. ఒకావిడకి కళ్ళకలక. ఒకావిడ మొగుడు ఒప్పుకోడు. ఇంకొకావిడ ఫొటో దిగితే పాలు తగ్గిపోతాయంది, ఆవిడకి యాభై దాటి ఉంటాయి. అంకాలమ్మ అని ఒకామె ఉంది. ముప్ఫై లోపే, చంకలో పిల్ల, నోరు కొంచెం పెద్దది. నేను పసిపిల్లల గదిలో ఊయలలు మార్పించినప్పటినుంచి నాతో నవ్వుతూ మాట్లాడేది. ఆమెని పిలిచి నువ్వైనా ముందు కూర్చో అన్నాను.

"ఫొటోతో పనేముందండీ అమ్మగారూ," అంది. "ఆకు చూసి కూలివ్వండి. మొహం చూసి ఇవ్వడం మొదలెడితే మాకు దక్కేది ఇంకా తక్కువే."

షెడ్డు షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని లోపల కాలింది. చదువులేని భయం అనుకున్నాను.

ఇక నువ్వు వద్దన్నది. పెద్దవాళ్ళు నలుగురు ఈనెలు తీస్తుంటే దగ్గర కూర్చుని, "ఇక్కడ సంపూర్ణమ్మ అని ఒకావిడ చాలా ఏళ్ళు పనిచేసింది, తాడేపల్లి నుంచి వచ్చేది, మీకు గుర్తుందా?" అని అడిగాను. మా అమ్మ అని చెప్పలేదు, చెబుదామనే కూర్చున్నాను. నలుగురూ ఆకు మీదనుంచి చూపు తియ్యకుండా, "ఆ పేరుగల మనిషి ఇక్కడెవరూ చెయ్యలేదండి" అన్నారు. ఒకే గొంతుతో అన్నారు.

నా చిన్నప్పుడు హాస్టలు నుంచి సెలవులకి వస్తే అమ్మ చేతివేళ్ళు నల్లగా, జిగటగా ఉండేవి. నిమ్మకాయ తొక్కతో రుద్దుకునేది. అన్నేళ్ళు చేస్తే ఒక్కరికి గుర్తులేదా? ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

మార్త


పామర్రు,
1 ఏప్రిల్ 1974

(కార్డు)

మార్తా, ఫొటోల పని ఆపెయ్. నీ ఉత్తరం అత్తయ్యకి వినిపిస్తుంటే మధ్యలో "ఆపమను" అంది. నన్ను ఆ ఒక్క మాటే రాయమంది. పంతానికి పోకు. కార్డు మీద ఇంతకంటే రాయను, పోస్టుమాను చదువుతాడు. చదువుతున్నావా కొండలయ్యా, మా మనియార్డరు ఏమైంది?

జీవరత్నం


గుణదల,
28 ఏప్రిల్ 1974

వదినా,

నీ కార్డు వచ్చేసరికే ఫొటోల సంగతి నా చేతుల్లోంచి జారిపోయింది. నేను బతిమాలితే రాని పని మేనేజరు గారు ఒక్క నోటీసుతో చేశారు. కార్డు లేనివాళ్ళని మే నెలలో గేటు దాటనివ్వరని. అందరూ నీలం తెర ముందు కూర్చున్నారు. ఫొటోల్లో ఒక్కరూ నవ్వలేదు.

నిన్న మేనేజరు గారు గవర్నర్‌పేట ఆఫీసుకి పిలిపించారు. బల్ల మీద ఫొటో కార్డులు, పక్కన పాత హాజరు పుస్తకాలు. అంకాలమ్మ కార్డు తీసి నా ముందు పెట్టారు. పిల్లని ఒళ్ళో పెట్టుకునే దిగింది.

"చూశారా అమ్మా, మన రికార్డు ప్రకారం ఈవిడకి అరవై ఎనిమిదేళ్ళు. ఒళ్ళో పాలు తాగే పిల్ల. మన కంపెనీ గాలి అంత మంచిది."

నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక నిమిషం ఏమీ అర్థం కాలేదు, తర్వాత అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. ఆ బిళ్ళ ఆమెది కాదు. ఎవరో అసలు అంకాలమ్మ చేతిలోంచి ఈమె చేతికి వచ్చింది. కొత్తవాళ్ళని తీసుకోరు కాబట్టి ముసలమ్మ మానేస్తే కోడలికో, పక్కింటి పిల్లకో ఇచ్చి పోతుంది. బిళ్ళతోపాటు పేరూ పోతుంది. గేటు లోపల అంకాలమ్మ, బయట మరొకరు. అలాంటివాళ్ళు అరవైమందికి పైగా తేలారు. కళ్ళకలకా, పాలు తగ్గడమూ ఎందుకో ఇప్పుడు తెలిసింది.

రెండేళ్ళ కిందట గ్రాట్యుటీ చట్టం వచ్చింది. పాత సర్వీసున్నవాళ్ళు పని మానేటప్పుడు కంపెనీ వాళ్ళకి చేసిన ఏడాదికింతని డబ్బు ఇచ్చి పంపాలి. ఈ అరవై పేర్లే అందరికంటే పాతవి. అందుకని మేనేజరు గారి ఆలోచన ఇది: దొంగపేరుతో పనిచేసి కంపెనీని మోసం చేశారని ఒక్కొక్కరికీ చార్జిషీటు ఇవ్వాలి, విచారణ జరిపి తీసెయ్యాలి, సర్వీసు చెల్లదనాలి. తర్వాత వాళ్ళనే, కావాలంటే, రోజుకూలీ మీద కొత్తగా పిలవచ్చు. చార్జిషీట్లు రాసి సంతకం పెట్టాల్సింది పర్సనెల్ ఆఫీసరు. నేను.

"మీ ఫొటోల ఐడియా వల్లే ఇది బయటపడింది, పై వాళ్ళకి మీ గురించి రాశాను" అన్నారు. ఆయన మొదట నన్ను చూసిన చూపేమిటో అప్పుడు తెలిసింది.

మే నెలాఖరు వరకూ గడువు అడిగాను. ఎవరి బిళ్ళ ఎప్పుడు మారిందో చూడాలని చెప్పి తప్పించుకున్నాను. అంకాలమ్మ, ఆమె అసలు పేరు శౌరమ్మట, ఇవాళ నా గుమ్మం ముందునుంచి వెళుతూ తల తిప్పుకుంది.

నీకు ముందే తెలుసు. అమ్మకి తెలుసు. ఎలా తెలుసో ఈసారి రాయాలి. కోడల్ని అనొద్దు.

మార్త


పామర్రు,
6 మే 1974

మార్తా,

అత్తయ్యని అడిగే రాస్తున్నాను. "చెప్పు, ఇంకెందుకు దాపరికం" అంది.

సంపూర్ణమ్మని అడిగితే ఎవరు చెబుతారు? అంకాలమ్మ అని అడగవలసింది. మీ అమ్మే అంకాలమ్మ.

తాడేపల్లిలో మీ పక్కింట్లో ఉండేదట అసలు అంకాలమ్మ. ఆవిడకి కీళ్ళవాతం వచ్చి కూర్చోలేకపోతే బిళ్ళ తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టింది. నువ్వప్పటికి పుట్టలేదు. మీ అన్నయ్య ఉద్యోగంలో చేరి, ఇక చాలు మానెయ్యమ్మా అన్నదాకా అత్తయ్య ఆ పేరుతోనే చేసింది. మానేసేటప్పుడు రత్తయ్య ఆ బిళ్ళ తనకిమ్మని వెంటపడ్డాడట, అమ్ముకుంటాడు కదా. అత్తయ్య ఇవ్వకుండా మొగుడు వదిలేసిన ఒక పిల్లకి ఊరికే ఇచ్చింది. ఆ పిల్ల నీ శౌరమ్మ. తర్వాత మరొకర్ని కట్టుకుందట, ఆ చంటిది వాళ్ళదే.

అందుకని నువ్వా కంపెనీలో చేరావనగానే అత్తయ్యకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. నువ్వు ఎవర్ని తీసెయ్యాల్సి వస్తుందో ఆవిడకి ముందే తెలుసు. నీతో చెబితే చేరిన రోజునుంచే నీకు నిద్ర ఉండదని చెప్పలేదు. చెప్పకుండా ఊరుకోలేక స్త్రీల సమాజంలో ఆ మాట అంది. అదీ సంగతి. నలుగురూ ఆ పేరుగల మనిషి చెయ్యలేదన్నారన్నావే, వాళ్ళకి నువ్వెవరి కూతురివో నీ మొహం చూడగానే తెలిసి ఉంటుంది. మీ అమ్మ పోలికేగా.

మీ అన్నయ్యకి భయం పట్టుకుంది. మోసం కేసంటే అమ్మ పేరు కూడా వస్తుంది, పోలీసులు ఇంటికొస్తారు అంటున్నాడు. నీకు రెండే దార్లు అంటాడు, సంతకం పెట్టి ఊరుకోవడం లేదా ఒంట్లో బాగాలేదని మానేసి వచ్చెయ్యడం. నేను నిన్ను ఏమీ అడగను. మానేస్తే తప్పేమీ లేదనే అనిపిస్తోంది నాకు కూడా. నువ్వు రాయకపోతే ఇంకొకరు రాస్తారు ఆ కాగితాలు, నీ చెయ్యైనా శుభ్రంగా ఉంటుంది.

నీ వదిన


గుణదల,
19 మే 1974

వదినా,

అమ్మ సంగతి చదివాక వారం దాటినా నీకు జవాబు రాయలేకపోయాను. రాయాలనుకున్నది చాలా ఉంది, ఇప్పుడది కాదు.

నిన్న మేనేజరు గారు నన్ను కూర్చోమని, ఇంట్లో మనిషిలా పలకరించి, "మీ అన్నగారు మొన్న వచ్చి కలిశారు. నెమ్మదస్తులు. మీ ఆరోగ్యం బాగుండటం లేదని, ఈ నెలాఖరుకి మానేస్తారని చెప్పారు. మంచి సర్టిఫికెట్టు ఇచ్చి పంపిస్తాను, మీరేం బెంగ పెట్టుకోకండి" అన్నారు.

నా ఆరోగ్యం! పొగాకు తుమ్ములు తప్ప నాకే జబ్బూ లేదు. అన్నయ్య బస్సెక్కి విజయవాడ వచ్చి, గవర్నర్‌పేటలో ఆయనతో కాఫీ తాగి, నా ఉద్యోగాన్ని తనది అయినట్టు వదిలేసి, గుణదల దాకా రాకుండా వెళ్ళిపోయాడు. అన్నయ్య వచ్చింది పదిహేనో తారీఖట. అంత దూరం నీకు తెలియకుండా రాలేదు. పొద్దున్నే బయల్దేరిన మనిషికి నువ్వే టిఫిను పెట్టి ఉంటావు.

నా చెయ్యి శుభ్రంగా ఉంటుందన్నావు. చార్జిషీట్లు నేను రాయకపోతే ఇంకొకరు రాస్తారు, నిజమే. కాని ఆ షెడ్డులో ఆడవాళ్ళు దొరికిపోయింది నా ఫొటోల వల్ల. నేను పెట్టిన నిప్పు దగ్గరనుంచి జబ్బు పేరు చెప్పుకుని వెళ్ళిపోతే దాన్ని శుభ్రం అంటారా మీ ఊళ్ళో?

ఇంట్లో అందరూ నా తరఫున నిర్ణయాలు చేస్తున్నారు గనుక ఒక్కటి అడుగుతాను. అన్నయ్య అక్కడ ఇంకేం ఒప్పుకుని వచ్చాడు?

మార్త


పామర్రు,
27 మే 1974

మార్తా,

టిఫిను పెట్టింది నేనే. ఇడ్లీ. ఎక్కడికని అడిగితే చెప్పాడు, నీకు రాయొద్దన్నాడు, ఊరుకున్నాను. అది తప్పని ఇడ్లీ వడ్డిస్తున్నప్పుడే తెలుసు. తిట్టు, పడతాను.

ఒప్పుకున్నది ఇంతే. నువ్వు మానేస్తే అంకాలమ్మ బిళ్ళ విషయంలో శౌరమ్మ దగ్గరే ఆగిపోతారట, వెనక్కి వెళ్ళి మీ అమ్మ పేరు తియ్యరట. మేనేజరు మాటిచ్చాడని మీ అన్నయ్య ఏదో సాధించినవాడిలా వచ్చాడు. అంటే అమ్మ సంగతి ఆయనకి మీ అన్నయ్యే చెప్పాడన్నమాట అనుకున్నాను నేను. కాదు. మేనేజరుకి ముందే తెలుసు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను మీ అన్నయ్యని పిలిచి, అత్తయ్య ముందే, మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివాను. మీ అన్నయ్య, "నీకోసమేనమ్మా" అన్నాడు. అత్తయ్య కొడుకు వైపు చూడలేదు, నా వైపు తిరిగింది.

"నాకోసం నన్నడక్కుండా వెళ్ళాడా? రాసుకో జీవరత్నం, మార్తకి రాయి. పేరు అంకాలమ్మది. చేతులు నావి. నా చేతులతో చేసిన పని దొంగపని అని నా కూతురి చేత రాయిస్తాడా ఆ సుబ్బారావు? వాడికి నా పేరు తెలీదా?"

అప్పుడు చెప్పింది. నీ ఆరో ఏట మావయ్యగారు పోయారు కదా. వెంకటసుబ్బారావు అప్పుడు గేటు గుమాస్తా. కంపెనీ తరఫున తాడేపల్లి వచ్చి, మీ గుమ్మంలో నిలబడి, "సంపూర్ణమ్మా, దుఃఖం తగ్గాక రా. నీ బిళ్ళ ఎవరికీ పోనివ్వను" అన్నాడట. పాపం, మంచిమాటే అన్నాడు. మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజు గేటు దగ్గర "అంకాలమ్మ" అని పిలిచిందీ ఆయనే. ఆ రోజు ఆయన కళ్ళెత్తి చూశాడట, చూసి మళ్ళీ పుస్తకంలోకి దించుకున్నాడట. కంపెనీకి తెలియదంటే ఎలా నమ్మాలి? ఆకు పోగుపడి ఉన్నన్నాళ్ళూ వాళ్ళకి చేతులు కావాలి, పేరు ఎవరిదైతేనేం.

మీ అన్నయ్య నిన్నటినుంచి బయట మంచం మీదే కూర్చుంటున్నాడు. చెడ్డవాడు కాదు మార్తా. చిన్నప్పుడు అమ్మ వెంట గేటు దాకా వెళ్ళి, "అమ్మా" అని పిలిస్తే, ఈ పిల్లాడు అంకాలమ్మ కొడుకు కాదని ఎవరైనా పట్టేస్తారని అత్తయ్య నోరు మూసేదట. ఆ భయం ఇంకా పోలేదు.

నేను ముందు రాసింది, మానెయ్యమన్నది, వెనక్కి తీసుకుంటున్నాను. నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. అత్తయ్య ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి చెబుతానంటోంది. రమ్మంటే నేను తీసుకొస్తాను. ఈసారి ఇడ్లీ నీకు తెస్తాను.

నీ వదిన


గుణదల,
9 జూన్ 1974

వదినా,

జరిగింది జరిగినట్టు రాస్తాను. అన్నయ్య వింటుండగా చదువు.

మే ఆఖరి శుక్రవారం తిండి గంటకి షెడ్డులోకి వెళ్ళాను. ఆకుమోపుల మధ్య కింద కూర్చున్నాను. నన్ను రాయమన్న చార్జిషీట్లలో ఏముంటుందో, దానివల్ల ఎవరికేం పోతుందో వాళ్ళందరికీ చెప్పాను. ఫొటోల పని నాదేనని, దాంతోనే పట్టుకున్నారని చెప్పాను. ఒకావిడ అన్నం డబ్బా మూత పెట్టేసింది. అప్పుడు అన్నాను, నేను రెండో అంకాలమ్మ కూతుర్ని అని.

శౌరమ్మ పిల్లని ఇంకో చంకలోకి మార్చుకుని, "మాకు తెలుసు. నీకు తెలీదనే మేం ఊరుకున్నాం" అంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆ మాట అమ్మకి రెండోసారి చదువు.

దాచుకుంటే మోసమంటారు, వాళ్ళంతట వాళ్ళే అసలు పేర్లు చెబితే మోసమనడం కష్టం అని నాకు తోచింది చెప్పాను. ఉద్యోగం నిలుస్తుందని మాటివ్వలేదు, నాకు తెలియని మాట ఇవ్వలేను. భయపడ్డవాళ్ళు ఉన్నారు. మొగుళ్ళని అడగాలన్నవాళ్ళు ఉన్నారు. పదిమంది దాకా లేచి వెళ్ళిపోయారు, వాళ్ళని ఏమీ అనను. మిగిలినవాళ్ళు మర్నాడు నా గది ముందు వరస కట్టారు. ఒక్కొక్కరూ అసలు పేరు, బిళ్ళ ఎవరినుంచి వచ్చింది, ఏ ఏడాది నుంచి తన చేతులతో చేస్తున్నది చెప్పారు, నేను రాసుకున్నాను. ఆఖర్న శౌరమ్మ వచ్చి, "శౌరమ్మ. కొంచెం పెద్దక్షరాలతో రాయి తల్లీ, ఈ కంపెనీలో నా పేరు రాయడం ఇదే మొదలు" అంది. పెద్దగానే రాశాను.

సోమవారం గవర్నర్‌పేట వెళ్ళాను. చార్జిషీట్లకి బదులు ఒక నోటు ఇచ్చాను. ఈ మనుషులు కంపెనీకి తెలిసే పనిచేశారు, కొత్త బిళ్ళలు ఆపి పాత బిళ్ళలతో పని చేయించుకున్నది కంపెనీయే, కాబట్టి ఎవరు ఏ రోజునుంచి చేస్తున్నారో ఆ రోజునుంచి వాళ్ళ సొంత పేర్లమీద సర్వీసు రాయాలి, ఇదే పర్సనెల్ ఆఫీసరు సిఫారసు. మొదటి ఉదాహరణ అంకాలమ్మ బిళ్ళ. మా అమ్మ పేరు, ఊరు, ఎన్నాళ్ళు చేసిందీ, నేను ఆమె కూతుర్నన్నదీ అందులోనే రాశాను.

మేనేజరు గారు చదివారు. కాఫీ తెప్పించారు, ఒక్కటే తెప్పించారు.

"మీ అమ్మగారి పేరు రాకుండా చూస్తానని మీ అన్నగారికి మాటిచ్చాను. మీరే రాసిచ్చారా?"

"అవునండి. తాడేపల్లిలో మా గుమ్మంలో మీరు పిలిచిన పేరే రాశాను."

ఆయన కప్పు కింద పెట్టారు. "నేనప్పుడు చిన్న గుమాస్తానమ్మా" అన్నారు. మెల్లిగా అన్నారు, నిజంగానే అన్నారు. జాలేసింది. కాని ఆయన ఇప్పుడు చిన్న గుమాస్తా కాదు, ఆ మాట పైకే అన్నాను.

దాంతో గొంతు మారింది. నోటు వెనక్కి తీసుకొమ్మన్నారు. కాపీ ప్రభుత్వ లేబర్ ఆఫీసరు గారికి ఆ పొద్దున్నే రిజిస్టరు పోస్టులో వెళ్ళిపోయిందన్నాను. అయితే రాజీనామా ఇమ్మన్నారు. ఇవ్వనన్నాను. తీసేస్తామన్నారు. తీసెయ్యాలంటే నా మీద కూడా చార్జిషీటు రాసి, విచారణ జరిపి, నా జవాబు వినాలి, ఆ కాగితాలు రాయడం వచ్చినదాన్ని ఈ కంపెనీలో నేనొక్కదాన్నే, కావాలంటే నమూనా రాసిస్తానన్నాను. తలుపు దగ్గర నిలబడ్డ బంట్రోతు దగ్గు నటించి బయటికి పోయాడు.

లేబర్ ఆఫీసరు గారు ఇరవైన రెండు పక్షాలనీ రమ్మని నోటీసు పంపారు. ఏమవుతుందో నాకు తెలియదు. గెలుస్తామని మీకు రాయను. అంతవరకు ఎవర్నీ గేటు బయటికి పంపకూడదని మాత్రం అందులో ఉంది. నిన్న అరవైమందీ లోపలికే వెళ్ళారు. రత్తయ్య బిళ్ళలు చదువుతుంటే వాళ్ళు గుమాస్తా పిలిచే పేరు కోసం ఆగకుండా సొంత పేర్లు చెప్పుకుంటూ నడిచారు. గుమాస్తా రెండు మూడు సార్లు "ఎవరు? ఎవరు?" అని, తర్వాత మానేశాడు.

ఇరవయ్యో తారీఖున అమ్మని తీసుకురా. ఆవిడ చెప్పాలి, ఆవిడే చెప్పగలదు. పొద్దున తొమ్మిదింటి బస్సుకి వస్తే సరిపోతుంది.

అన్నయ్యా, ఇది నీకు. నువ్వు భయపడ్డావు, అది నాకు అర్థమైంది. కాని నా తరఫున ఇంకెవరి దగ్గరికీ వెళ్ళకు. మీ స్కూల్లో ఖాళీకి వేరేవాళ్ళని చూసుకోమని చెప్పు.

నేను చార్జిషీట్ల మీద సంతకం పెట్టను. రాజీనామా ఇవ్వను. ఈ ఉద్యోగమే చేస్తాను.

మార్త